ఎడమచేతి ముడి

శిక్ష ముగిసి బయటికొచ్చే మనిషికి జైలు ఏమిచ్చి పంపుతుందో ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఏదో ఒక సోమవారం పొద్దున పదింటికి ఆ పెద్ద గేటు ఎదుట నిలబడండి. ఒక కాగితం ఇస్తుంది. లోపలికి వెళ్ళిన రోజు వేసుకున్న చొక్కా ఇస్తుంది. ఆ చొక్కా అప్పటికి ఇద్దరికి సరిపోయేంత వదులై ఉంటుంది. ఆ తర్వాత, ఇచ్చింది మరీ ఎక్కువైపోయిందనుకుంటుందేమో, ఒంటిమీద మిగిలింది లాక్కుంటుంది.

ఆ సోమవారం లాక్కున్నది దుప్పటి.

చలి ఎముకలు కొరుకుతోంది. పెద్ద గేటులోని చిన్న తలుపు తెరుచుకుని ఒక పొడుగాటి మనిషి నడుం వంచి బయటికొచ్చాడు. భుజాల చుట్టూ దుప్పటి కప్పుకుని ఉన్నాడు. రెండడుగులు వేసేసరికి దగ్గు తెర కమ్మి ఆగిపోయాడు. గేటు జవాను వెనకనుంచి దుప్పటి కొస పట్టుకున్నాడు.

"ఇదెక్కడికి? జైలు సొత్తు."

"పోయిన చలికాలం సంఘంవాళ్ళిచ్చారు సార్."

"సంఘం నీకివ్వలేదు, జైలుకిచ్చింది. వదులు ముందు."

గేటుకి ఎదురుగా మూటల పక్కన నిలబడి ఇదంతా చూస్తున్న డబ్బా అక్కకి కడుపు మండిపోయింది. ఆమె నలభై దాటిన మనిషి. చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే పని. ఖైదీల సహాయ సంఘానికి చందాలు వసూలు చేసే బాధ్యత ఆమెదే. పైన కన్నం పెట్టిన రేకు డబ్బా ఒకటి ఎప్పుడూ చంకలో ఉంటుంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. జీతాల రోజున ఆమె మిల్లు గేటు దగ్గర కనిపించగానే, "అక్క డబ్బా కొట్టుకుంటూ వచ్చిందిరోయ్!" అని కుర్రాళ్ళు ఆటపట్టిస్తారు. "కొడతాలే గానీ ముందు నువ్వు జేబులో చెయ్యి పెట్టు," అంటుంది. వాళ్ళు పెడతారు కూడా.

"అయ్యా, అది మేమిచ్చిందే. మేమే చెప్తున్నాం కదా, తీసుకుపోనివ్వండి," అంది.

"దానిమీద మీ పేరు రాసుందా? లేదుగా," అని జవాను దుప్పటి లోపలికి విసిరి తలుపేసుకున్నాడు.

పొడుగాయన పల్చటి చొక్కాతో వణుకుతూ నిలబడ్డాడు. అక్క మూట విప్పింది. లోపలికి పంపడానికి తెచ్చిన కొత్త దుప్పట్లు ఇరవై ఉన్నాయి. ఒకటి తీసి అతని భుజాల మీద కప్పింది. అతను దాని అంచు పట్టుకుని దగ్గరికి లాక్కోబోయి ఆగాడు. వేళ్ళు అంచు వెంబడే నడిచి ఒక మూల దగ్గర నిలిచాయి.

"అక్కా, ఇది ఎక్కడ కొన్నారు?"

"బజార్లో. హోల్‌సేల్ కొట్లో. ఏం?"

అతను నవ్వబోయాడు. దగ్గొచ్చింది. "ఇది నేనే నేశానక్కా. పోయిన నెల. ఇదిగో, ఈ పట్టీ దగ్గర పోగు తెగితే అతుకేశాను. దానికి తిట్లు కూడా తిన్నాను."

ఆమెకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. జైల్లో కార్ఖానా ఉందని, దాన్నొక కాంట్రాక్టరు నడుపుతాడని అందరికీ తెలుసు. అక్కడేం నేస్తారో, అది ఎవరికి అమ్ముతారో ఎవరూ అడగలేదు. చలికి వణికే ఖైదీల చేత ఉత్తి పుణ్యానికి దుప్పట్లు నేయించి, ఆ ఖైదీల కోసమే కూలీజనం పోగేసిన డబ్బుకి అవే దుప్పట్లు అమ్మి, తిరిగి అదే గేటులోంచి లోపలికి పంపించడం! ఇంతకన్నా చెమట పట్టని వ్యాపారం ఇంకొకటి ఉంటుందా?

కానీ ఆమె ఆ క్షణాన వ్యాపారం గురించి ఆలోచించడం లేదు. ఆమె కళ్ళు అతని వేళ్ళ మధ్య ఉన్న మూలకి అతుక్కుపోయాయి. దుప్పటి చివర వేలాడే పోగుల్లో ఆఖరి నాలుగింటినీ కలిపి ఎవరో ముడి వేశారు. మామూలుగా నేతపనివాళ్ళు వేసే ముడి కుడివైపు తిరుగుతుంది. ఇది ఎడమకి తిరిగింది. ఇలాంటి ముడి వేసే మనిషిని ఆమె లోకంలో ఒక్కణ్ణే ఎరుగును. ఆ మనిషి చచ్చిపోయి పద్నాలుగు నెలలైంది.

"ఈ ముడి ఎవరేశారు?"

పొడుగాయన గేటు వైపు చూశాడు. "ఇక్కడొద్దక్కా. రేపు మీ ఆఫీసుకొస్తాను."

*

ఆఫీసు అనడమే గానీ, సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద ఒక గది. ఒక బల్ల, రెండు బెంచీలు, గోడకి మేకులు, మేకులకి కేసు కాగితాల కట్టలు. కిందనుంచి పొద్దస్తమానం సుత్తి చప్పుడు వస్తుంది. ఆ మిట్టమధ్యాహ్నం ఆమె ఒక్కతే కూర్చుని, లోపలికి పంపకుండా వెనక్కి తెచ్చేసిన దుప్పట్ల మడతలు విప్పింది. మొదటిదాని మూల ముడి ఉంది. రెండోదానికీ ఉంది. పదో దుప్పటికీ ఉంది. చివరిదానికీ ఉంది.

తమ్ముడు ఆమె కన్నా పదేళ్ళు చిన్న. అమ్మ పోయాక ఆమె చేతుల్లోనే పెరిగాడు. ఇంట్లో మగ్గం ఉండేది. నాన్న నేసిన ప్రతి బట్ట చివరా ఒక ముడి వేసేవాడు, అది ఆయన సంతకం. తమ్ముడిది ఎడమచేతివాటం. వాడేస్తే ముడి తిరగబడేది. "కుడిచేత్తో వెయ్యరా వెధవా!" అని నాన్న మొట్టికాయ వేసేవాడు. వాడు బుద్ధిగా కుడిచేత్తో వేసి, నాన్న అటు తిరగ్గానే విప్పేసి మళ్ళీ ఎడమచేత్తో వేసేవాడు. అక్క చూసి నోరు మూసుకుని నవ్వుకునేది.

మగ్గం అమ్ముడుపోయాక వాడు మిల్లులో చేరాడు. జీతాలు పెంచమని అడిగినవాళ్ళలో ముందు నిలబడ్డాడు. వారం తిరక్కుండా నూలు కట్ట దొంగిలించాడని కేసు పడింది. బెయిలు డబ్బు కట్టే స్తోమత లేదు. అప్పుడే ఆమె మొదటిసారి రేకు డబ్బాకి కన్నం పొడిచి గేటు గేటుకీ తిరిగింది. పదకొండు నెలలు తిరిగింది. డబ్బు నిండింది. కోర్టుకి పరిగెత్తింది. గుమాస్తా ఫైలు తిరగేసి, "ఈ మనిషి పోయాడుగా, నాలుగు రోజులైంది. మీకు కబురు రాలేదా?" అన్నాడు, బస్సు వెళ్ళిపోయిందని చెప్పినంత మామూలుగా.

ఊపిరితిత్తుల జ్వరం అని కాగితమిచ్చారు. ఎవరూ రాలేదు కాబట్టి మేమే పూడ్చేశాం అన్నారు. మొహం చూపించలేదు. ఆమె ఆ డబ్బా తెచ్చి సంఘం బల్ల మీద పెట్టి, "ఇంకొకణ్ణి విడిపించండి," అంది. ఆ రోజు నుంచీ ఆమె చెవుల్లో మగ్గం ఆడుతూనే ఉంది. గుండీలు కుట్టేటప్పుడూ, చందాలు అడిగేటప్పుడూ, అందరూ మాట్లాడుకుంటున్నప్పుడూ కూడా అది ఆగలేదు.

ఇప్పుడు ఒళ్ళో దుప్పటి. పోయిన నెల నేసింది. వాడి ముడి.

మొహం చూడలేదుగా, అనుకుంది. కాగితానిదేముంది, ఎవరి పేరైనా రాస్తారు. మనిషి లోపలే ఉన్నాడేమో. అలా అనుకోకూడదని తెలుసు. అయినా ఆ పూటా, ఆ మర్నాడు పొద్దుటివరకూ వాణ్ణి బతికించుకుంది.

*

మర్నాడు మధ్యాహ్నం పొడుగాయన వచ్చేసరికి గదిలో ముగ్గురున్నారు. అక్క, సంఘం అధ్యక్షుడు మాస్టారు, జైలు గేటు దగ్గర పళ్ళబండి పెట్టుకునే పెద్దమ్మ. మాస్టారు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పెద్దమ్మ కొడుకు ఆ కార్ఖానాలోనే ఉన్నాడు.

"వాడు బతికున్నాడా?" అక్క మొదట అడిగింది అదే. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

పొడుగాయన తల దించుకున్నాడు. "లేదక్కా. నా చేతుల్లోనే పోయాడు."

ఒక మనిషికి రెండుసార్లు ఏడవాల్సి వస్తే ఎలా ఉంటుందో ఏడ్చినవాళ్ళకే తెలియాలి. పెద్దమ్మ ఆమె వీపు మీద చెయ్యేసి ఊరుకుంది. కింద సుత్తి చప్పుడు సాగుతూనే ఉంది.

"అక్కడ కిటికీలు అయిదక్కా," అని మెల్లగా మొదలుపెట్టాడు పొడుగాయన. "పాత గుడ్డలు, మిల్లు చెత్త తెచ్చి మెషిన్లో చీల్చి నూలు తీస్తారు. ఆ నుసి గాల్లో ఎంతుంటుందంటే, పక్క మగ్గం మీద మనిషి కనపడడు. అయిదు కిటికీలకీ చెక్కలు కొట్టారు."

"పారిపోతారనా?" అన్నాడు మాస్టారు.

"వాటికి ఊచలున్నాయి మాస్టారూ, ఎవడు పారిపోతాడు? పక్కనే ఆఫీసర్ల క్వార్టర్సు. నుసి ఎగిరెళ్ళి అక్కడ ఆరేసిన బట్టల మీద పడుతోందంట. ఎవరో అమ్మగారు కంప్లైంటిచ్చారు. అంతే."

మాస్టారు ఒక కాగితం ముందుకి లాక్కుని రాసుకోవడం మొదలుపెట్టాడు.

"తమ్ముడు అడిగాడు. ఒక్క కిటికీ తియ్యండి, ఊపిరాడట్లేదని. నాయకుడివా నువ్వు అని గుడ్డలు చీల్చే గదిలో వేశారు. అక్కడ రెణ్ణెల్లు. ఆస్పత్రికి పంపమంటే దొంగ దగ్గన్నారు." అతను కాసేపు దగ్గి ఊపిరి తీసుకున్నాడు. "అంతకుముందు నా పక్క మగ్గమే వాడిది. ఊసుపోక నాకు ముడి నేర్పేవాడు. కుడిచేత్తో వేస్తే మా నాన్నదవుతుంది, నాది కావాలంటే ఎడంచేత్తో వెయ్యాలి అనేవాడు. వాడు పోయిన మర్నాడు నా దుప్పటికి వేశాను. పక్కనున్న ముసలాయన ఏంటది అన్నాడు. చెప్పాను. ఆయనా వేశాడు. అందరం కుడిచేతివాటం వాళ్ళమే. నేర్చుకోడానికి పదేసి రోజులు పట్టింది. నెల తిరిగేసరికి నలభై మందీ వేస్తున్నారు. మీ అబ్బాయి కూడా, పెద్దమ్మా."

"ఎందుకయ్యా?" అంది పెద్దమ్మ.

"ఎవరో ఒకరు చూస్తారని. వాడనేవాడు... మా అక్క చీకట్లో చేత్తో తడిమినా ఇది నాదని పట్టేస్తుంది అని."

పోయిన చలికాలం మూడొందల దుప్పట్లు అక్క చేతుల మీదుగానే వెళ్ళాయి. లెక్కపెట్టింది. కట్టలు కట్టింది. రశీదులు రాసింది. ఒక్కదాని మూలైనా తడిమి చూడలేదు. ఏడాదిపాటు లోపలివాళ్ళు పిలుస్తూనే ఉన్నారు. ఆమె ఆ పిలుపుని మూటగట్టి మళ్ళీ వాళ్ళకే పంపించింది.

"ఇంకోటక్కా," అన్నాడు పొడుగాయన, చెప్పాలా వద్దా అని నీళ్ళు నములుతూ. "పోయిన ఏడు పెద్ద ఆర్డరొచ్చిందని రెండు షిఫ్టులు చేశారు."

పెద్ద ఆర్డరు. మూడొందలు. అది ఎవరి ఆర్డరో వేరే చెప్పక్కర్లేదు.

*

మాస్టారు చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా తన పింఛనులో సగం ఈ గదికే పెడుతున్నాడు. అయినా ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ గట్టిగానే పోట్లాడుకున్నారు.

"కొట్టు మారుద్దాం. అక్కడ కొనొద్దు. కార్ఖానా మీద అర్జీ పెడదాం. కానీ గేట్ల దగ్గర జనానికి చెప్పడం మాత్రం వద్దమ్మా," అన్నాడు.

"ఎందుకు వద్దు?"

"నలుగురు కూలివాళ్ళు కలిస్తే ఒక దుప్పటి. ఎంత కష్టపడితే కుదిరిన నమ్మకం ఇది? మన డబ్బు కాంట్రాక్టరు జేబులోకి పోయిందని తెలిస్తే ఇంకెప్పుడైనా డబ్బాలో పైసా వేస్తారా? లాయరు ఫీజులెలా? బెయిళ్ళెలా? నష్టపోయేది ఎవరు? లోపలివాళ్ళే."

"మాస్టారూ, డబ్బాకి పైన కన్నం ఉంటే చందా అంటారు. అడుగున కూడా కన్నం ఉందని తెలిశాక చెప్పకపోతే దాన్నేమంటారు?"

"నీ దుఃఖంలో నువ్వు మాట్లాడుతున్నావు."

"అవును, దుఃఖంలోనే మాట్లాడుతున్నాను. ఎవరి దుఃఖంలో మాట్లాడమంటారు?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెద్దమ్మ అందుకుంది. "చెప్తే లోపల మావాడి వేళ్ళు విరుస్తారేమో, అదే నా భయం. ముడి వేసినవాళ్ళు దొరికిపోతారు కదా?"

"ఒక్కడు వేస్తే వాడి వేలు విరుస్తారు పెద్దమ్మా," అన్నాడు పొడుగాయన. "నలభై మంది వేస్తే ఎవరి వేలని విరుస్తారు? మగ్గాలు నడవద్దూ? అవన్నీ అనుకునే వేశాం. దాచిపెట్టడానికి వెయ్యలేదు, కనపడడానికే వేశాం."

అక్క మర్నాడు హోల్‌సేల్ కొట్టుకి వెళ్ళి ఈ దుప్పట్లు ఎక్కడివని అడిగింది. కొట్టువాడు జవాబు చెప్పలేదు. జవాబు తనంత తానే మెట్లెక్కి వచ్చింది. కాంట్రాక్టరు మెత్తని మనిషి, మెత్తని చెప్పులు. బెంచీ మీద కూర్చోబోతూ రుమాలుతో దుమ్ము దులిపాడు.

"మనందరం వాళ్ళ మంచి కోరేవాళ్ళమే కదమ్మా. పని లేకపోతే ఖైదీ పాడైపోతాడు. నేను పనిస్తున్నాను, మీరు దుప్పటిస్తున్నారు. మీ తమ్ముడి సంగతి విన్నాను, పాపం. ఇకనుంచి ఏటా మూడొందల దుప్పట్లు నా తరఫున ఉచితం. మీరు గేటు గేటుకీ తిరిగి అడుక్కునే అవస్థ తప్పుతుంది."

"మరి మేమేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యొద్దు. అంతే."

"కిటికీలు తెరిపిస్తారా?"

"అది నా చేతిలో ఉన్నదా తల్లీ? క్వార్టర్సువాళ్ళు..."

"అయితే దిగండి. మెట్లు జాగ్రత్త, మూడోది ఊగుతుంది."

అతను వెళ్ళాక మాస్టారు చాలాసేపు గోడకున్న మేకుల్ని చూస్తూ కూర్చున్నాడు. "జీతాల రోజు ఎప్పుడు?" అన్నాడు చివరికి. "నేనూ వస్తాను."

*

జీతాల రోజున నాలుగింటికి మిల్లు సైరను మోగింది. గేటులోంచి జనం పొర్లి వచ్చారు. అక్క బెంచీ మీద నిలబడింది. డబ్బా ఊపలేదు. "ఏంటక్కా, ఇవాళ డబ్బా మూగబోయింది?" అని ఎవడో అరిచాడు. నవ్వులు లేచాయి.

ఆమె చెప్పింది. ముస్తాబులేమీ చెయ్యలేదు. దుప్పట్లు ఎవరు నేశారో, ఎవరు అమ్మారో, ఎవరు కొన్నారో చెప్పింది. రెండో షిఫ్టు సంగతి కూడా దాచలేదు. నవ్వులు ఆగిపోయాయి.

లోడింగ్ మేస్త్రి ముందుకొచ్చాడు. లారీల మీదికి బేళ్ళెత్తే ముఠాకి పెద్ద, కంచు గొంతు. "అంటే నా పావు దుప్పటి డబ్బు ఆ కాంట్రాక్టరుగాడి బొజ్జలోకి పోయిందా?"

"పోయింది."

"నువ్వే మోసుకెళ్ళి ఇచ్చావా?"

"నేనే ఇచ్చాను."

"చెవిలో పువ్వు పెట్టావు కదే మాకు!" అన్నాడు ఎవడో వెనకనుంచి. "ఏడాదిపాటు పెట్టావు!"

"నా చెవిలోనూ ఉంది అది," అంది అక్క. ఆమె దిగి డబ్బా మూత తీసి బెంచీ మీద పెట్టింది. "ఇందులో ఉన్నది ఈ నెలది. ఎవరిది వాళ్ళు తీసుకోండి. నేనేమీ అనుకోను."

ఒక మనిషి నిజంగానే వచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా తను వేసినంత తీసుకుని వెళ్ళిపోయాడు. అతనికి ఇంట్లో ఏ అవసరముందో, ఎవరూ ఆపలేదు. మిగతావాళ్ళు కదలకుండా నిలబడ్డారు. ఆ నిశ్శబ్దంలో అక్కకి చెవుల్లోని మగ్గం ఇంకా గట్టిగా వినపడింది.

పొడుగాయన బెంచీ పక్కన నక్కి ఉన్నాడు. అంతమంది జనాన్ని చూసి అతనికి నోరు పెగల్లేదు. అక్క అతని మోచెయ్యి పట్టుకుంది. పద్నాలుగు నెలలుగా ఏ మగవాణ్ణీ పిలవని పిలుపు ఆమె నోట వచ్చింది. "చెప్పు తమ్ముడూ."

చెప్పాడు. దగ్గుకీ దగ్గుకీ మధ్య చెప్పాడు. అయిదు కిటికీలు, ఆరేసిన బట్టలు, నలభై మంది ఎడమచేతులు. దుప్పటి మూల పైకెత్తి చూపించాడు. నేతఖాతావాళ్ళు ముందుకి తోసుకొచ్చారు. ఒక ముసలి నేతగత్తె ముడిని వేళ్ళతో తడిమి, "ఎడంచెయ్యే," అంది.

మేస్త్రి దుప్పటి లాక్కున్నాడు. "ఆ చెత్త బేళ్ళు జైలు లారీకి ఎక్కించేది ఎవరో తెలుసా?" అన్నాడు. గొంతు తగ్గింది. "మేమే. వారానికి రెండు లారీలు. నుసి రేగుతోందని మూతికి గుడ్డ కట్టుకుని మరీ ఎక్కిస్తాం." ఆ మాట అన్నాక తన చేతుల వైపు చూసుకున్నాడు.

తర్వాత నేల మీద చతికిలబడి దుప్పటి పోగులు నాలుగు పట్టుకుని ఎడమచేత్తో ముడి వెయ్యబోయాడు. రాలేదు. బేళ్ళు మోసే వేళ్ళు పోగుల్లో చిక్కుకున్నాయి. "మేస్త్రీ, ముడి వేస్తున్నావా, మల్లయుద్ధం చేస్తున్నావా?" అన్నారు ఎవరో. ఈసారి నవ్వు వేరుగా ఉంది. మూడోసారికి వచ్చింది, వంకర టింకరగా.

"రేపట్నించి ఆ లారీకి ఒక్క బేలు ఎక్కదు," అని లేచాడు. "కిటికీల చెక్కలు ఊడేదాకా ఎక్కదు. ముఠా ఏమంటారు?"

"ఎక్కదు!" అంది ముఠా.

"కిటికీలు తెరవండి!" అని పెద్దమ్మ అరిచింది. ఆమె గొంతు పళ్ళు అమ్మే గొంతు, వీధి చివరిదాకా పోయింది. అయిదొందల గొంతులు అందుకున్నాయి. మాస్టారు కూడా అరుస్తున్నాడు, కళ్ళజోడు చేతిలో పట్టుకుని.

*

లారీ రెండు వారాలు ఖాళీగా తిరిగింది. మూడో వారం పోలీసులొచ్చారు. కేసు ఏమిటనుకున్నారు? చందాల పేరుతో అమాయక కార్మికుల్ని మోసం చేసిందట డబ్బా అక్క! ఫిర్యాదు చేసిన సజ్జనుడు కాంట్రాక్టరు.

చొక్కాల ఫ్యాక్టరీ నుంచి ఆమెని జీపెక్కించిన గంటలో స్టేషను ముందు మూడొందల మంది చేరారు. ప్రతి చేతిలో ఒక చిన్న రశీదు.

"మోసపోయింది మేమైతే మమ్మల్నడగండి!" అన్నాడు మేస్త్రి. "నాది పావు దుప్పటి. ఇదిగో. నేను మోసపోయాను, నిజమే. ఎవడు మోసం చేశాడో చెప్తాను, రాసుకుంటారా?"

"నాదీ పావే, రాసుకోండి," అంది ముసలి నేతగత్తె.

"మా ఆయనదీ నాదీ కలిపి అర!"

డబ్బాలోంచి డబ్బు వెనక్కి తీసుకున్న మనిషి కూడా వచ్చాడు. రశీదు పైకెత్తి చూపలేదు గానీ జేబులో చెయ్యి పెట్టుకుని వెనక వరసలో నిలబడ్డాడు. ఇనస్పెక్టరు ఒక్క పేరూ రాసుకోలేదు. లాఠీలు లేచాయి. పెద్దమ్మ నుదురు చిట్లింది. అక్కని పెద్ద జైలుకి తరలించారు. జీపు వెనక అద్దంలోంచి ఆమె చూస్తూనే ఉంది. జనం పరిగెత్తడం లేదు. చెదిరి, మళ్ళీ మూగుతున్నారు.

*

ఆడవాళ్ళ వార్డు గోడకి అవతలే కార్ఖానా అని ఆమెకి లోపలికి వెళ్ళాకే తెలిసింది. పొద్దున్నే, నిలవున్న నూలుతో మగ్గాలు మొదలయ్యాయి. మొదట ఎప్పటిలా తన చెవుల్లోనే అనుకుంది. గోడకి చెవి ఆనించాక గోడ అదురుతోందని తెలిసింది. తమ్ముడు పదకొండు నెలలు విన్న చప్పుడు ఇదే. ఆమె గోడకి చెంప ఆనించి అక్కడే నిలబడిపోయింది.

ఆమెకిచ్చిన దుప్పటి కొత్తది. మూలలు తడిమింది. మూడు మూలలు మామూలుగా ఉన్నాయి. నాలుగోది లేదు. కత్తెరతో అడ్డంగా కోసేశారు. చుట్టూ చూసింది. వార్డులో ఉన్న పదమూడు మంది ఆడవాళ్ళ దుప్పట్లకీ ఒక మూల లేదు.

"అన్నీ ఇలాగే వస్తున్నాయి ఈ నెల," అంది పక్క చాప మీద మనిషి. ఇళ్ళలో పనిచేసేదట, యజమానురాలి గాజులు పోయాయని తీసుకొచ్చారు. "ఎలకలు కొట్టినట్టు. ఎందుకో ఏంటో."

అక్కకి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు, సగంలో ఏడుపయింది. బజార్లో ప్రతి కొట్లో ఇప్పుడు మూల లేని దుప్పట్లే ఉంటాయి. ఎందుకు లేదని కొన్న ప్రతివాడూ అడుగుతాడు. దాచాలని కోసి, కాంట్రాక్టరు ఊరంతా చాటింపు వేసుకున్నాడు!

ఆమె కోసిన అంచు దగ్గర నాలుగు పోగులు లాగింది. ఎడమచేత్తో పట్టుకుంది. వేళ్ళకి అలవాటు లేదు. ఇన్నేళ్ళు చూసిందే గానీ ఎన్నడూ వెయ్యలేదు. రెండుసార్లు జారింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అంది పనిమనిషి.

"మా తమ్ముడిది. ఇటురా, నువ్వూ నేర్చుకో. ఆ చెయ్యి కాదు, ఎడంది."

ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. ఆమె కథ చెప్తూ ముడి నేర్పింది, ముడి నేర్పుతూ కథ చెప్పింది. పదో మనిషి ముడి బిగించేసరికి అక్క చటుక్కున తలెత్తింది. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలియడానికి కాస్త సమయం పట్టింది.

మగ్గాలు ఆగిపోయాయి.

తమ్ముడు పోయాక మొదటిసారి ఆమె చెవులు నిశ్శబ్దంగా ఉన్నాయి. గోడకి అవతల ఎవరో అరుస్తున్నారు, జవాన్ల గొంతులు, బూట్ల పరుగులు. వాటి మీదుగా ఒక దెబ్బ వినపడింది. చెక్క మీద ఇనుము. ఇంకో దెబ్బ. ఇంకోటి. మేకులు ఊడుతున్న కీచు. పదమూడు మందీ వార్డు పెరట్లోకి పరిగెత్తారు.

ముందేమీ కనపడలేదు. తర్వాత గోడ మీదుగా తెల్లగా నుసి లేచింది. ఎన్నేళ్ళుగానో లోపల పేరుకున్నదంతా గాలికి మెల్లగా పైకెగిరి, ఒకసారి తిరిగి, ఆఫీసర్ల క్వార్టర్సు వైపు సాగింది. అక్కడ దండేల మీద ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి.

"ఒకటి," అంది అక్క, రెండో కిటికీ మీద పడే దెబ్బల్ని వింటూ.